నెత్తురు తీగ

మెట్ల మీద అడుగుల చప్పుడు వింటే చాలు, వచ్చేవాళ్ల కష్టమేమిటో చెప్పేస్తానని బలరాం గొప్పలు పోతుంటాడు. ఆలుమగల తగువుతో వచ్చేవాళ్లు మెట్టు మెట్టుకీ ఆగుతారట. భూమి తగాదా వాళ్లు దబదబా ఎక్కేస్తారట. పద్దెనిమిదేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసి, మోకాళ్లు అరిగిపోయి బయటపడ్డ మనిషికి మనుషుల సంగతి ఆ మాత్రం తెలియకపోదు. కానీ ముసురు పట్టిన ఆ ఆగస్టు ఆదివారం ఉదయం, ఖమ్మంలో డిటెక్టివ్ ప్రమీలారాణి ఆఫీసు మెట్ల మీద వినిపించిన అడుగులు అతని లెక్కకు చిక్కలేదు. అవి పైదాకా వచ్చాయి, సగం దాకా దిగిపోయాయి, మళ్లీ వచ్చాయి. తలుపు తీసేసరికి పాతికేళ్ల అమ్మాయి తడిసి ముద్దై నిలబడి ఉంది. పాలిథిన్ కవరులో చుట్టిన నోటుబుక్కును రెండు చేతులతో గుండెకు అదుముకుంది.

"లోపలికి రామ్మా. నీ ఎంబడి ఎవరన్న వచ్చిండ్రా?" అన్నాడు బలరాం.

"తెలీదండీ. బస్సులో వెనక్కి తిరిగి చూడ్డానికి కూడా ధైర్యం చాలలేదు."

ప్రమీలారాణి కుర్చీ చూపించింది. ముప్ఫై ఏళ్లు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషామె. పిల్లలు పరీక్షల్లో చీటీలు ఎక్కడ దాస్తారో పట్టుకోవడంతో పదునెక్కిన చూపు, రిటైరయ్యాక పెద్దవాళ్ల దొంగతనాల మీదకు మళ్లింది. ఆ చూపు ముందు అబద్ధం నిలవదని బలరాం నమ్మకం. ఆ నమ్మకం కొద్దీ ఆరేళ్లుగా కారు నడుపుతున్నాడు, టీ పెడుతున్నాడు, తిట్లు తింటున్నాడు.

అమ్మాయి పేరు సాహిత్య. సొంతూరు సత్తుపల్లి. భద్రాచలం దాటాక చర్ల రోడ్డులో వెంకటరామారావు అనే పెద్ద రైతు పెట్టిన మూలికల పరిశోధనశాలలో ఏడాదిగా పనిచేస్తోంది. అక్కడి పెద్ద శాస్త్రవేత్త ఉదయ్ భాస్కర్ శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు రోజూ తాగే తానికాయ కషాయం తాగి, అరగంటలో విలవిల్లాడి చనిపోయాడు. అందులో ముష్టి గింజల విషం కలిసిందని డాక్టర్లు చెప్పారు. అడవి నుంచి మూలికలు తెచ్చిచ్చే కోయ ముసలామె జంపక్కను పోలీసులు శనివారం పట్టుకుపోయారు.

"జంపక్క చేసుండదండీ. రేపు పొద్దున్నే కోర్టుకు తీసుకెళ్తారంట. జైలుకు పోతే ఆవిడ బతకదు. వాళ్ల గూడేనికి దగ్గరున్న భద్రాచలంలో పడుకోవాలన్నా గాలాడదంటుంది." సాహిత్య కవరు విప్పి నోటుబుక్కు బల్ల మీద పెట్టింది. "ఇది మా సార్‌ది. గురువారం నా చేతిలో పెట్టి, ల్యాబులో ఉంచొద్దు, ఇంటికి పట్టుకెళ్లిపో అన్నారు. మర్నాడే పోయారు. ఇది నా దగ్గరుందని ఎవరికైనా తెలిస్తే..."

"మీరు చేసే పరీక్షేమిటో బలరాంకు కూడా అర్థమయ్యేలా చెప్పు," అంది ప్రమీలారాణి.

"కోసిన ఆపిల్ ముక్క కాసేపటికి రంగు మారిపోతుంది కదండీ. మన ఒంట్లో కూడా అలాంటి పాడు ఏదో జరుగుతూనే ఉంటుంది. దాన్ని అడ్డుకునే గుణాన్ని యాంటీఆక్సిడెంట్ గుణం అంటాం. ఏ అడవి మొక్కలో అది ఎంతుందో చూడడమే మా పని. ముదురు ఊదారంగు ద్రావణంలో మొక్క సారం నాలుగు చుక్కలు వేసి, వెలుతురు తగలకుండా అరలో అరగంట పెడతాం. గుణముంటే ఊదా విరిగి పసుపుకు తిరుగుతుంది. ఎంత తిరిగిందో మెషీన్ చెబుతుంది. పక్కన విటమిన్ సి పెట్టి పోల్చుకుంటాం."

జంపక్క తెచ్చే మొక్కల్లో నెత్తురు తీగ ఒకటి. గాటు పెడితే ఎర్రటి పాలు కారతాయి కాబట్టి గూడెంలో ఆ పేరు. జూన్‌లో దాని సారం మామూలు బెరడుల్లాగే కనిపించింది. జులై నుంచి ఏమైందో ఏమో, సీసా సీసాకూ బలం పెరిగి విటమిన్ సినే దాటిపోయింది. హైదరాబాద్ మందుల కంపెనీ వాళ్లు సోమవారం వచ్చి ఒప్పందం మీద సంతకాలు పెట్టాలి. గురువారం మాత్రం ఉదయ్ భాస్కర్ ఒక్క పరీక్ష గొట్టం చూసి మొహం మాడ్చుకున్నాడు. "ఇది మొక్క చేసే పని కాదమ్మా. సోమవారం వాళ్లకు నేనే చెబుతాను," అన్నాడు.

ప్రమీలారాణి నోటుబుక్కు చివరి పేజీ తిప్పింది. అక్కడ వంకర టింకర అక్షరాల్లో ఒకటే వాక్యం ఉంది: అరగంట కాదు, అర నిమిషం.

ఆమె ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి కళ్లజోడు తీసేసింది. "బలరాం, బండి తియ్," అంది.

కొత్తగూడెం దాటాక వాన జోరందుకుంది. భద్రాచలం వంతెన మీదికి వచ్చేసరికి గోదావరి ఎర్రగా, ఒడ్డులు ఒరుసుకుంటూ పోతోంది. మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేశారని వంతెన దగ్గర ఎవరో చెప్పారు. కొట్టుకొచ్చిన మానొకటి వంతెన కాలికి తగిలి మెల్లగా తిరుగుతూ కిందికి పోయింది. బలరాంకు అది చూడబుద్ధి కాలేదు. నీళ్లు ఇంకాస్త లేస్తే వెనక్కి పోయే దారుండదని తెలిసి కూడా నోరు మూసుకుని బండి నడిపాడు.

ముందు పోలీస్ ఠాణాకు పోయారు. ఎస్సై రామ్‌చందర్ మర్యాదస్తుడే గానీ, పెళ్లి అయిపోయాక వచ్చిన బాజా వాళ్లను చూసినట్టు చూశాడు.

"ఇండ్ల కనిపెట్టేది ఏముంది మేడం? గ్లాసు పక్కనే మోదుగాకు పొట్లం దొరికింది. పొట్లంల అడవి కొత్త కాయలున్నయ్, వాటి మధ్యల దంచిన ముష్టి గింజలు. కొత్త కాయలని కషాయంల కలుపుకున్నట్టున్నడు. పొట్లం ఈమె తెచ్చిచ్చిందని మేనేజర్ కండ్లార చూసిండు. పోయిన వారం తీగ జాగా చూపియ్యమంటే గొడవ వెట్టుకున్నది. అడవి మింగుతదని శాపనార్థాలు వెట్టింది."

"శాపం పెట్టింది ఎవరికి?"

"వెంకటరామారావు సారుకు. గాని భాస్కర్ సారు పక్కనే ఉన్నడు."

జంపక్క మూల బెంచీ మీద కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుంది. అరవై ఐదేళ్లుంటాయి. చేతుల నిండా పచ్చబొట్లు. కళ్లు కిటికీలోంచి కనిపించే కాస్త చెట్టు కొమ్మ మీదే ఉన్నాయి.

"జంపక్కా, ఆ పొట్లం నువ్విచ్చినవా?" అని ప్రమీలారాణి అడిగింది.

"నేనియ్యలే."

"తీగ జాగా ఎందుకు చూపియ్యనన్నవ్?"

"చూపిస్తే వేర్లతోని పీకుతరు. మేం తల్లి తీగను ముట్టం. పక్క కొమ్మ గిచ్చుకుంటం, మట్టి పూస్తం." అంతే. మళ్లీ కొమ్మ వైపు తిరిగిపోయింది. ఎస్సై నవ్వాడు. పట్టుకొచ్చిన కాడి నుంచి 'నేనియ్యలే' అన్న మాట తప్ప ఇంకోటి రాలేదని చెప్పాడు.

"రామ్‌చందర్ గారూ, ఒక్క సాయం చేయండి. సాయంత్రం ఐదింటికి ఈమెను తీసుకుని ల్యాబుకు రండి. నా మాట తప్పైతే రేపు మీ పని మీరు చేసుకోవచ్చు."

ఎస్సై గడియారం చూసుకుని, వాన వైపు చూసి, సరేనన్నాడు.

పరిశోధనశాల పామాయిల్ తోట చివర, అడవికి ఆనుకుని ఉంది. పట్టపగలే లోపల లైట్లు వెలుగుతున్నాయి. వెనక కిటికీలు తెరిస్తే చేతికందేంత దూరంలో చెట్లు. వెంకటరామారావు గుమ్మంలోనే అడ్డం పడ్డాడు. డెబ్బై ఏళ్ల మనిషి, గొంతు మాత్రం ట్రాక్టరు ఇంజనంత.

"ఏవమ్మా, మా తాత కృష్ణా జిల్లా నుంచొచ్చి ఇక్కడ సేద్యం మొదలెట్టాడు. మూడు తరాలుగా ఒక్క మచ్చ లేదు. ఇప్పుడు మీరంతా కలిసి నా ల్యాబును శవాల కొంప చేస్తున్నారు! రేపు సోమవారం కంపెనీ వాళ్లు రావాలి నాకు!"

"మీ శాస్త్రవేత్త చనిపోయి రెండు రోజులు కాలేదు. సోమవారం గురించి అంత తొందరా?"

ముసలాయన మొహం ఎర్రబడింది. "భాస్కర్ నాకు కొడుకు లాంటివాడు," అన్నాడు గొంతు తగ్గించి. "శుక్రవారం నేను భద్రాచలం గుడికి పోయాను. ఉంటే ఆ కషాయం తాగనిచ్చేవాణ్ని కాదు."

దొరికాడు దొంగ అనుకున్నాడు బలరాం. కోపం, ఒప్పందం, తాళం చెవి మూడూ ఈయన దగ్గరే ఉన్నాయి. మొక్కల సారాలు దాచే చల్లపెట్టెకు మూడు తాళం చెవులున్నాయని సాహిత్య దారిలోనే చెప్పింది. ఒకటి ఈయనది, ఒకటి చనిపోయినాయనది, మూడోది మేనేజరు జయప్రకాశ్‌ది.

జయప్రకాశ్ మధిర వైపువాడు. నలభై ఏళ్లుంటాయి. మెత్తటి మనిషి. వాళ్లు తడిసి వచ్చారని తువ్వాళ్లు తెచ్చిచ్చాడు, టీ తనే పెట్టి తెచ్చాడు. ఉదయ్ భాస్కర్ పేరెత్తగానే కళ్లు తుడుచుకున్నాడు. ఇంత పెద్ద తోటలో మనిషన్నవాడు ఇతనొక్కడే అనిపించింది బలరాంకు.

"శుక్రవారం పొద్దున ఏడున్నరకు వచ్చిందండీ జంపక్క. సాహిత్య సెలవులో ఉంది, సారూ నేనూ ఇద్దరమే. నేను వరండాలో నిలబడి ఉన్నాను. పొట్లం సార్ చేతిలో పెట్టి, 'మొన్ననే పండుగ చేసినం సారూ, కొత్త కాయ మొదలు నీకే తెచ్చిన' అంది. పాపం, ఆయనెంత మురిసిపోయారో! అందులో ఏముందో ఎలా తెలుస్తుంది?"

"పండుగేమిటి?"

"కొత్తల పండుగ మేడం. అది చేసి దేవతకు పెట్టందే గూడెంలో ఎవరూ కొత్త కాయ, కొత్త గింజ ముట్టరు. మా పని కూడా దానిమీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ముందే వాళ్లనడిగి గుర్తు పెట్టుకుంటాం. అదుగో చూడండి."

గోడ మీది క్యాలెండరులో పందొమ్మిదో తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి 'జంపక్క గూడెం - కొత్తలు' అని రాసి ఉంది. ఉదయ్ భాస్కర్ చనిపోయింది ఇరవై రెండున. లెక్క చక్కగా కుదిరింది.

ప్రమీలారాణి తర్వాత అడిగినవన్నీ చిన్న చిన్న సంగతులే. కషాయం పొడి డబ్బా ఎక్కడుంటుంది? అందరికీ అందే వంట గట్టు మీద. విటమిన్ సి సీసా ఎక్కడ? సాహిత్య దాన్ని తెచ్చి త్రాసు మీద పెట్టింది. పరీక్షలకు వాడింది పోగా ఎంతుండాలో అంతా ఉంది, చిటికెడు తగ్గలేదు.

"అంటే ఇక్కడిది కాదు," అని గొణుక్కుంది ప్రమీలారాణి. బలరాంను పక్కకు పిలిచింది. "ఈ ఊళ్లకు హైదరాబాద్ నుంచి సరుకు ఎట్ల వస్తుంది?"

"ఇంకెట్లొస్తది మేడం, మన ఆర్టీసీ కార్గోలనే. భద్రాచలం బస్టాండ్ల దింపుతరు."

"అక్కడ నీ దోస్తులెవరన్నా ఉన్నారా?"

బలరాం ఛాతీ విప్పాడు. తెలంగాణలో అతనికి దోస్తు లేని బస్టాండు లేదు. ఆదివారమని చూడకుండా అక్కడి కార్గోలో పనిచేసే హరిలాల్‌కు ఫోన్ చేశాడు. ఇద్దరిదీ టేకులపల్లి పక్క ఒకటే తండా. జూన్ నుంచి ల్యాబు పేరు మీద మందుల, రసాయనాల దుకాణాల నుంచి వచ్చిన పార్శిళ్ల రసీదులన్నీ వెతకమన్నాడు. "జల్దీ చూడు తమ్మీ, ఒక ముసలామె పానం మీదికొచ్చింది," అన్నాడు.

అక్కణ్నుంచి జంపక్క గూడెం ఎనిమిది కిలోమీటర్లు. సగం దారిలో పోలీసు క్యాంపు దగ్గర ఆపి పేర్లు రాసుకున్నారు. ఆ తర్వాత రోడ్డనేది మాటవరసకే. వాగు మీది చప్టాపై నీళ్లు మోకాలి కిందదాకా పారుతున్నాయి. కారు ఇవతల వదిలి, ఒకరి చేయి ఒకరు పట్టుకుని దాటారు. అవతల అడవి చీకటి కమ్మినట్టుగా ఉంది. పక్షి కూత లేదు. వెనక నీళ్ల చప్పుడు పెరుగుతోందేమోనని బలరాం పదడుగులకోసారి ఆగి విన్నాడు.

గూడెంలో ఇరవై ఇళ్లుంటాయి. మనుషులు గుమ్మాల్లో నిలబడి చూశారే తప్ప ఎవరూ పలకరించలేదు. ఏ ఇంట్లోనూ సందడి లేదు. దడుల మీద బీరపాదులు అల్లుకుని ఉన్నాయి, కాయలు ముదిరి పసుపు తిరిగాయి. చిక్కుళ్లు గింజ గట్టిపడి వేలాడుతున్నాయి. పెరట్లో మొక్కజొన్న కంకులు పీచు మాడి అలాగే నిలబడ్డాయి. ఒకావిడ మాత్రం పొయ్యి మీద పాత జొన్నలతో సంకటి కెలుకుతోంది.

"ఇదేంది మేడం, ఇంత పంట ముదరవెట్టుకుని సంకటి తింటుండ్రు? కొయ్యనీకి చేతులు లేవా?" అన్నాడు బలరాం.

ప్రమీలారాణి ఊరి చివర, ఇప్పచెట్టు కింద కొత్తగా పాతిన నిలువు రాయిని చూస్తోంది. దాని మొదట్లో మట్టి ఇంకా ఎర్రగా ఉంది. జంపక్క తమ్ముణ్నంటూ ఒకతను దగ్గరికి వచ్చాడు.

"ఎవరు పోయారు?" అని అడిగింది ఆమె.

"మా పూజారి తాత. పన్నెండొద్దులాయె. ఆయన కొడుక్కు ఇంక పూజారి పెద్దరికం కట్టలే." "గిప్పుడు మా అక్కను గుంజుకపోయిండ్రు. అక్క మళ్ల వస్తదా అమ్మా?"

"నాతో ల్యాబు దాకా రా. అక్కడ నేను అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పు," అంది ప్రమీలారాణి. ఆమె గొంతులో కోపం బలరాంకు తెలుస్తూనే ఉంది. ఎవరి మీదో తెలియలేదు.

తిరిగి వాగు దాటేటప్పుడు నీళ్లు మోకాలు దాటాయి. రోడ్డెక్కాక సిగ్నల్ దొరికి బలరాం ఫోన్ మోగింది. హరిలాల్ రెండు రసీదుల ఫోటోలు పంపాడు. జులైలో ఒకటి, ఆగస్టులో ఒకటి. హైదరాబాద్ రసాయనాల దుకాణం నుంచి విటమిన్ సి పొడి, ఐదేసి కిలోలు. తీసుకున్నవాళ్ల పేరు దగ్గర ల్యాబు పేరే ఉంది. సంతకం కోడి గీకినట్టుంది. కింద ఒక ఫోన్ నంబరు రాసి ఉంది. ప్రమీలారాణి ఆ నంబరును తన ఫోన్‌లో వేసుకుని, బలరాం భుజం తట్టింది. ఆరేళ్లలో అది రెండోసారి.

ఐదింటికి అందరూ ల్యాబు హాల్లో కూర్చున్నారు. వెంకటరామారావు, జయప్రకాశ్, సాహిత్య, ఎస్సై ఓ పక్క. జంపక్క కుర్చీ వద్దని గోడవార నేల మీద కూర్చుంటే, ఆమె తమ్ముడు పక్కన చేరాడు. బయట మబ్బు ఇంకా కిందికి దిగింది. వాన శబ్దానికి మాటలు గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

"సాహిత్యా, జూన్ నాటి సారం ఒకటి, గురువారం సీసాలో సారం ఒకటి. రెండూ అందరి ముందూ పరీక్ష చెయ్," అంది ప్రమీలారాణి.

సాహిత్య రెండు గొట్టాల్లో ఊదారంగు ద్రావణం పోసింది. మొదటిదాంట్లో జూన్ సారం చుక్కలు పడ్డాయి. రంగు అలాగే ఉండిపోయింది, అంచుల్లో కాస్త పలచబడిందంతే. రెండోదాంట్లో చుక్క పడిన మరుక్షణం ఊదా మాయమై గొట్టం మొత్తం లేత పసుపైంది. వెంకటరామారావు నోరు తెరిచాడు.

"బెరడులో ఉండే గుణం నిదానంగా పనిచేస్తుంది. అందుకే అరగంట ఆగి చూస్తారు. చుక్క పడగానే రంగు విరగ్గొట్టేది విటమిన్ సి. అరగంట తర్వాత మెషీన్ రాసే అంకె మాత్రమే చూసేవాళ్లకు తేడా తెలియదు, పసుపు పసుపే కాబట్టి. ఉదయ్ భాస్కర్ గురువారం గొట్టాన్ని అరలో పెట్టకుండా చేతిలోనే పట్టుకుని చూశాడు. అరగంట కాదు, అర నిమిషం అని రాసుకున్నాడు. ఎవరో జులై నుంచి నెత్తురు తీగ సారంలో విటమిన్ సి కలుపుతున్నారు. ఆ సంగతి ఆయన సోమవారం బయటపెట్టబోతున్నాడు. చంపింది అందుకు."

"నా ల్యాబులో కల్తీనా!" వెంకటరామారావు లేచాడు. "ఎవడు? ఎవడా వెధవ?"

"కూర్చోండి. ముందు జంపక్క సంగతి తేలాలి. జయప్రకాశ్ గారూ, శుక్రవారం ఆమె ఏమంటూ పొట్లం ఇచ్చిందో మళ్లీ ఒకసారి చెప్పండి."

"మొన్ననే పండుగ చేసినం, కొత్త కాయ మొదలు నీకే తెచ్చిన, అందండీ," అన్నాడు జయప్రకాశ్, బాధగా.

ప్రమీలారాణి జంపక్క తమ్ముడి వైపు తిరిగింది. "మీ గూడెంలో కొత్తల పండుగ ఎప్పుడు చేసిండ్రు?"

"యాడ జేసినమమ్మా? పూజారి తాత పోయె. ఆయన కొడుక్కు పెద్దరికం కట్టి పూజారిని జెయ్యాలె, అప్పుడుగద పండుగ. ఇంక జెయ్యలే. కాయలన్నీ ముదిరి పోతున్నయ్."

దడి మీద పసుపు తిరిగిన బీరకాయలు బలరాం కళ్లముందు మెదిలాయి. చూసింది తనే, అడిగింది తనే, అర్థం చేసుకోనిదీ తనే.

"పెరట్లో బీరకాయ ముదిరిపోతున్నా కొయ్యని మనుషులు వీళ్లు," అంది ప్రమీలారాణి. "పండుగ కాకముందు అడవిలో కొత్త కాయ తెంపి, మోదుగాకులో కట్టి, ఇంకొకరికి తినమని జంపక్క ఇస్తుందా? ప్రాణం పోయినా ఇవ్వదు. పొట్లం కట్టినవాడికి వాళ్ల ఆచారం తెలుసు. అందుకే కొత్త కాయలు పెట్టాడు, కథలో పండుగ కూడా కలిపాడు. ఉత్త పొట్లం ఇచ్చిందంటే సరిపోయేది. ఇంకాస్త నమ్మకంగా ఉండాలని గోడ మీది క్యాలెండరు చూసి చెప్పాడు. చావు వచ్చి పండుగ ఆగిందని క్యాలెండరుకు తెలియదు కదా. గూడెం గడప తొక్కినవాడైతే తెలిసేది."

జయప్రకాశ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా నవ్వడానికి ప్రయత్నించాడు. "నేను పొరపాటు విన్నానేమో మేడం. వాళ్ల భాష... పొట్లం ఇవ్వడం మాత్రం చూశాను. కల్తీ అంటారా, తాళం చెవులు ముగ్గురి దగ్గరున్నాయి."

"నిజమే." ఆమె ఫోన్ తీసింది. "ఇక్కడి విటమిన్ సి సీసాలో చిటికెడు తగ్గలేదు. అంటే బయటి నుంచి వచ్చింది. పది కిలోలు భద్రాచలం బస్టాండుకు వచ్చాయి. పార్శిల్ వచ్చిందని కబురు చెప్పాలి కాబట్టి కార్గో వాళ్లు ఫోన్ నంబరు లేందే తీసుకోరు. పేరు దాయొచ్చు, సంతకం మార్చొచ్చు, నంబరు తప్పు రాస్తే సరుకు చేరదు."

ఆమె రసీదు మీది నంబరు నొక్కింది. రెండు క్షణాలు ఏమీ కాలేదు. తర్వాత జయప్రకాశ్ చొక్కా జేబులో ఫోన్ మోగడం మొదలుపెట్టింది. అతను దాన్ని ఆపడానికి చెయ్యెత్తలేదు. మోగి మోగి దానంతటదే ఆగింది.

"పన్నెండేళ్లు," అన్నాడు చివరికి, ఎవరినీ చూడకుండా. "పన్నెండేళ్లు ఈ అడవి అంచున ఆకులు ఎండబెట్టాను. ఒక్క మొక్కా ఎందుకూ కొరగాలేదు. ల్యాబు మూసేస్తానని అయ్యగారు ఏటా అంటారు. కంపెనీ వస్తే నన్ను హైదరాబాద్ తీసుకుంటామన్నారు. ఒక్క నెల మాట్లాడకుండా ఉండమని సార్ కాళ్లు పట్టుకున్నాను. వినలేదు. జనం మందని మింగుతారురా అన్నారు."

"ఆ మాటకు చంపినవా?" అని అరిచాడు బలరాం. మధ్యాహ్నం అతని టీ తాగినందుకు ఒళ్లు జలదరించింది. పద్దెనిమిదేళ్ల కండక్టరు అనుభవం తువ్వాలు ముక్కకు లొంగిపోయిందని సిగ్గేసింది.

కషాయం డబ్బాలో ముష్టి పొడి కలిపిందీ, ఉదయ్ భాస్కర్ పడిపోయాక డబ్బా కడిగేసి పొట్లం పెట్టిందీ ఎస్సై అడిగితే జయప్రకాశ్ తల ఊపి ఒప్పుకున్నాడు. కానిస్టేబుల్ అతని చేయి పట్టుకుని జీపు వైపు నడిపించాడు. వెంకటరామారావు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆ పెద్ద గొంతు ఏడిస్తే చాలా చిన్నగా వినిపించింది.

ఎస్సై రామ్‌చందర్ టోపీ తీసి చేతిలో తిప్పుతూ జంపక్క దగ్గరికి పోయాడు. అతనికి ఒళ్లు మండుతోంది, సగం తన మీదే.

"ఏందమ్మా నువ్వు! రెండొద్దులు ఠాణాల కూసున్నవ్. పండుగ కాలేదని ఒక్క మాట చెప్తే అయిపోతుండెగద? ఎందుకు చెప్పలే?"

జంపక్క గోడ పట్టుకుని మెల్లగా లేచింది. తమ్ముడు ఆసరా ఇవ్వబోతే వద్దంది. ఎస్సై మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే బలరాంకు తట్టుకోలేనట్టు అనిపించింది.

"ఇచ్చినవా అన్నరు, ఇయ్యలే అన్న. ఎందుకియ్యలేదో ఎవ్వరు అడగలే బిడ్డా." ఆమె ఉదయ్ భాస్కర్ కూర్చునే ఖాళీ కుర్చీ వైపు తిరిగింది. "ఆ సారైతే అడిగేటోడు. ఏ ఆకు తెచ్చినా ఇదేంది, ఎందుకు, ఎప్పుడు తెంపుతరు అని పొద్దుందాక అడిగేటోడు. ఆయనొక్కడే అడిగేటోడు."

జంపక్క కొంగు తల మీదికి లాక్కుని, తమ్ముడితో కలిసి వానలోకి దిగింది.